వైఫై డ్రైవర్లలో మెమరీ వార్నింగ్‌లు: కంపైలర్ అసలు ఏం అడుగుతోంది?

ల్యాప్‌టాప్‌లో వైఫై ఆన్ చేసి పక్కన పెట్టారనుకోండి. ఏ నెట్‌వర్క్‌కీ కనెక్ట్ కాలేదు, పాస్‌వర్డ్ కొట్టలేదు. అయినా అది ఊరికే ఉండదు. చుట్టుపక్కల యాక్సెస్ పాయింట్లు పంపే బీకన్ ఫ్రేములను వింటూ, విప్పి చదువుతూ ఉంటుంది. ఒక్కో బీకన్‌లో చిన్న చిన్న ముక్కలు వరసగా ఉంటాయి, వాటిని ఎలిమెంట్లు అంటారు. మొదటి బైట్ ఆ ముక్క దేని గురించో చెబుతుంది, రెండో బైట్ పొడవు చెబుతుంది, ఆ తర్వాత అసలు డేటా. మరి ఆ పొడవు రాసిందెవరు? రేడియో అందేంత దూరంలో ఉన్న ఎవరైనా కావచ్చు. వాళ్లు రాసింది నిజమో కాదో చెప్పే సంతకం ఏదీ మామూలు బీకన్ మీద ఉండదు. దాన్ని చదివి మెమరీలోకి కాపీ చేసే కోడే డ్రైవర్. అది మాత్రం లైనక్స్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్ లోపల, పూర్తి అధికారంతో నడుస్తుంది.

అందుకే రాసిన కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ వైర్‌లెస్ డ్రైవర్ల మీద ఇచ్చే మెమరీ వార్నింగ్‌లను సణుగుడు కింద కొట్టిపారేయకూడదు. అలాగని కనబడిన ప్రతి వార్నింగ్‌నీ ఏదో ఒకలా మాయం చేసేస్తే పని అయిపోయినట్టు కాదు. ఈ వార్నింగ్‌లలో చాలావాటికి మూలం ఒకటే: డిక్లరేషన్‌లో, అంటే డేటా ఆకారాన్ని ముందే ప్రకటించే చోట, మనం రాసిన సైజు ఒకటి, కోడ్ నిజంగా వాడుకుంటున్న సైజు ఇంకొకటి. డిక్లరేషన్ నిజం చెప్పేలా మారిస్తేనే దాన్ని సరిదిద్దినట్టు లెక్క. మిగతావన్నీ వార్నింగ్ నోరు నొక్కడమే.

కంపైలర్‌కి ఎంతవరకు కనిపిస్తుంది

ముందు దాని పరిమితి తెలియాలి. రియల్‌టెక్ చిప్‌ల కోసం కెర్నెల్‌లో ఉన్న ఆర్‌టీఎల్‌వైఫై డ్రైవర్‌లో 2019లో ఒక లోపం బయటపడింది. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2019-17666. వైఫై డైరెక్ట్‌లో పరికరాలు నేరుగా మాట్లాడుకునేటప్పుడు, గ్రూపును నడిపే పరికరం కరెంటు ఆదా కోసం ‘ఫలానా సమయంలో నేను అందుబాటులో ఉండను’ అని ముందే ప్రకటిస్తుంది. దీన్ని నోటీస్ ఆఫ్ ఆబ్సెన్స్ అంటారు. ఒక్కో నమోదు 13 బైట్లు: ఎన్నిసార్లు అన్నదానికి ఒక బైటు, వ్యవధికి నాలుగు, విరామానికి నాలుగు, మొదలయ్యే సమయానికి నాలుగు. డ్రైవర్ ఏం చేసేదంటే, వచ్చిన పొడవులోంచి 2 తీసేసి, 13తో భాగించి, ఎన్ని నమోదులున్నాయో లెక్కకట్టేది. అన్నిసార్లు లూప్ తిప్పి తన అరేల్లోకి (వరసగా గదులున్న జాబితాల్లోకి) ఎక్కించుకునేది. ఆ అరేల్లో చోటు ఉన్నది రెండింటికే. అవతలివాడు మూడోది పంపితే, నాలుగోది పంపితే, అవన్నీ పక్కనున్న మెమరీ మీద పడతాయి. ప్యాచ్ చేసిందల్లా ఆ సంఖ్య రెండు దాటితే రెండుకి తగ్గించడమే.

ఏళ్ల తరబడి ఈ కోడ్ నిక్షేపంగా కంపైల్ అయింది. కంపైలర్‌ది తప్పు కాదు. హద్దు దాటుతోందని చెప్పాలంటే దానికి రెండు సంగతులు తెలియాలి: చోటు ఎంతుంది, రాస్తున్నది ఎంత. ఇక్కడ చోటు తెలుసు, కానీ లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో గాల్లోంచి ఫ్రేమ్ వచ్చేదాకా తెలియదు. రెండూ ముందే తెలిస్తే కంపైల్ సమయంలోనే పట్టుకుంటుంది. చోటు ఒక్కటే తెలిస్తే, కోడ్ నడిచేటప్పుడు చూసుకునేలా మధ్యలో ఒక తనిఖీని దూర్చగలదు. చోటు కూడా తెలియకపోతే చేతులెత్తేయాల్సిందే.

కెర్నెల్‌లో కొన్నేళ్లుగా సాగుతున్న గట్టిపరిచే పని, ముఖ్యంగా కీస్ కుక్, గుస్టావో సిల్వా లాంటి కెర్నెల్ డెవలపర్లు చేస్తున్నది, ఈ ‘తెలియని’ చోట్లను తగ్గించడమే. వాళ్ల ప్యాచ్‌లు చదివితే చాలావాటిలో ఏ బగ్గూ కనిపించదు. డిక్లరేషన్ మాత్రమే మారుతుంది. ‘బగ్ లేనప్పుడు ఎందుకీ మార్పు?’ అని డ్రైవర్ రాసినవాళ్లకి చిరాకు రావడం సహజమే. కానీ ఆ మార్పు వల్లే రేపు రాబోయే అసలైన బగ్ కంపైలర్ కంటికి కనిపిస్తుంది.

మూడు అడ్రసులు, ఒకే మెమ్‌కాపీ

దీనికి చక్కటి ఉదాహరణ 802.11 (వైఫై ప్రమాణం) ఫ్రేమ్ హెడరే. మొదట ఫ్రేమ్ కంట్రోల్ రెండు బైట్లు, తర్వాత డ్యూరేషన్ రెండు బైట్లు, ఆ తర్వాత ఆరేసి బైట్ల అడ్రసులు మూడు, చివర సీక్వెన్స్ కంట్రోల్ రెండు బైట్లు. మొత్తం 24. సీసీఎంపీ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు ఈ మూడు అడ్రసులనూ ఎవరూ మార్చలేదని రుజువు చేసే లెక్కలోకి తీసుకోవాలి. కాబట్టి పాత కోడ్ మొదటి అడ్రసు దగ్గర మొదలుపెట్టి ఒకేసారి 18 బైట్లు మెమ్‌కాపీ (అడిగినన్ని బైట్లను కాపీ చేసే ఫంక్షన్) చేసేది. మూడూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఫలితం ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది.

కంపైలర్ వైపు నుంచి చూడండి. మీరు చూపించిన ఫీల్డ్ సైజు ఆరు బైట్లు. మీరు అడిగింది పద్దెనిమిది. కావాలనే అడిగారా, ఆరు అనబోయి పద్దెనిమిది అన్నారా అన్నది దానికెలా తెలుస్తుంది? ఫీల్డ్ దాటి పక్క ఫీల్డ్ మీదకి వెళ్లే దాడులు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. కెర్నెల్‌లో కాపీల హద్దులు చూసే ఫార్టిఫై సోర్స్ తనిఖీ 2017లో వచ్చినప్పుడు మెమ్‌కాపీ విషయంలో స్ట్రక్చర్ (ఫీల్డులన్నీ కలిసిన కట్ట) మొత్తం సైజునే చూసేది, లోపల ఏ ఫీల్డ్ అన్నది పట్టించుకునేది కాదు. 2022 నాటికి దాన్ని ఫీల్డ్ స్థాయికి దించారు. 6.1 కెర్నెల్ నుంచి, ఇలా ఫీల్డ్ దాటి రాసే మెమ్‌కాపీ నడుస్తున్నప్పుడు దొరికితే లాగ్‌లో ‘ఫీల్డ్ స్పానింగ్ రైట్’ అన్న వార్నింగ్ పడుతుంది.

దీన్ని తప్పించుకోవడానికి అడ్డదారులు చాలా ఉన్నాయి. పాయింటర్‌ని వేరే టైప్‌లోకి క్యాస్ట్ చేయొచ్చు. ఆ ఫైలు వరకు వార్నింగ్ ఆపేయొచ్చు. సైజు కంపైలర్‌కి అర్థం కాకుండా మధ్యలో ఇంకో వేరియబుల్ పెట్టొచ్చు. మూడింటి ఫలితం ఒకటే, ఆ చోట కంపైలర్ గుడ్డిదవుతుంది. రేపు ఎవరో ఆ 18ని 30 చేసినా అడిగే నాథుడు ఉండడు.

కెర్నెల్ ఎంచుకున్న దారి 5.16లో వచ్చిన స్ట్రక్ట్ గ్రూప్ అనే మాక్రో. హెడర్ డిక్లరేషన్‌లో మూడు అడ్రసులను కలిపి ‘అడ్రస్’ అన్న ఒక గుంపు పేరు ఇచ్చారు. లోపల జరిగేది ఒక యూనియన్: అవే బైట్లకు విడివిడి పేర్లూ ఉంటాయి, ఉమ్మడి పేరూ ఉంటుంది. ఒకే గదికి రెండు తలుపులు పెట్టినట్టు. మెమరీలో ఒక్క బైటు కూడా కదలదు. ఇప్పుడు మెమ్‌కాపీ ఆ గుంపు పేరుతో అడుగుతుంది, గుంపు సైజు 18 అని కంపైలర్‌కి తెలుసు, అడిగినదీ 18. ఇక ఎవరైనా 30 అంటే వెంటనే పట్టుకుంటుంది. రాసినవాడి ఉద్దేశం మూడు అడ్రసులూ కలిపి అనే. దాన్ని కోడ్‌లో చెప్పే చోటు ఇంతకుముందు లేదు, ఇప్పుడు వచ్చింది.

చివరి అరే కథ

డ్రైవర్లలో ఇంతకన్నా విస్తారంగా ఉన్న సమస్య స్ట్రక్చర్ చివర ఉండే అరేలది. ఫర్మ్‌వేర్‌కి, అంటే చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌కి, పంపే కమాండ్లు దాదాపు అన్నీ ఇదే ఆకారంలో ఉంటాయి: ముందు స్థిరమైన ఫీల్డులు, ఒక లెక్క, ఆపైన అన్ని ఎంట్రీలు. సీ భాషకి 1999లో వచ్చిన సీ99 ప్రమాణానికి ముందు ఇలాంటి అరేని సైజు లేకుండా రాసే వీలు భాషలో లేదు. అందుకని ‘ఒకే ఎంట్రీ’ అని డిక్లేర్ చేసి, మెమరీ మాత్రం కావలసినన్నిటికి తీసుకునేవారు. జీసీసీ అనే కంపైలర్ వాడేవాళ్లు సున్నా అని కూడా రాసేవారు. అంటే డిక్లరేషన్ చెప్పేది ఒకటి, వాడేది యాభై. కంపైలర్లు కూడా ఈ అలవాటుకి సర్దుకుపోయి, చివర్లో ఏ అరే కనబడినా అది సాగుతుందేమో అనుకుని వదిలేసేవి. దాంతో నిజంగా స్థిరమైన సైజు ఉన్న అరేలు చివర్లో ఉంటే వాటికీ కాపలా లేకుండా పోయింది. సమస్య అసలు ఇదీ.

2023లో 6.5 కెర్నెల్ దీన్ని తెగ్గొట్టింది. చివరి అరే సైజు విషయంలో కఠినంగా ఉండమని కంపైలర్‌కి చెప్పే ఆప్షన్‌ని అత్యున్నత స్థాయిలో ఆన్ చేశారు. ఇకమీదట సైజు ఖాళీగా వదిలిన అరే మాత్రమే సాగుతుంది. ఒకటి అని రాస్తే ఒకటే. దాంతో, బౌండ్స్ (అరే హద్దుల) తనిఖీ ఆన్‌లో ఉన్న కెర్నెల్స్‌లో చాలా పాత డ్రైవర్ల నుంచి ‘ఇండెక్స్ హద్దు దాటింది’ అన్న సందేశాలు మొదలయ్యాయి.

బ్రాడ్‌కామ్ చిప్‌ల బీఆర్‌సీఎం‌ఎఫ్‌మ్యాక్ డ్రైవర్ వాటిలో ఒకటి. స్కాన్ కమాండ్ స్ట్రక్చర్ చివర చానెళ్ల జాబితా ఉంటుంది, అది ఒక ఎంట్రీ అరేగా డిక్లేర్ అయి ఉంది. స్కాన్‌లో చాలా చానెళ్లు ఉంటాయి కాబట్టి రెండో ఎంట్రీ దగ్గరే తనిఖీ గోల పెడుతుంది. మందు తేలికే అనిపిస్తుంది: ఆ ‘ఒకటి’ తీసేసి ఖాళీగా వదిలేస్తే సరి.

ఇక్కడే ఆగాలి. ఆ ఒకటి తీసేయగానే స్ట్రక్చర్ మొత్తం సైజు తగ్గుతుంది. అదే డ్రైవర్‌లో నడుస్తున్న స్కాన్‌ని ఆపే ఫంక్షన్ ఒకటుంది. అది ఈ స్ట్రక్చర్‌ని స్టాక్ (ఫంక్షన్లు వాడుకునే తాత్కాలిక మెమరీ) మీద లోకల్ వేరియబుల్‌గా పెట్టుకుని, జాబితాలో మొదటి ఎంట్రీలో మైనస్ ఒకటి రాసి ఫర్మ్‌వేర్‌కి పంపుతుంది. స్కాన్ ఆపమనడానికి గుర్తు అదే. అరేని ఖాళీ చేస్తే ఆ మొదటి ఎంట్రీకి చోటే ఉండదు. రాసిన రెండు బైట్లు స్ట్రక్చర్ హద్దు దాటి స్టాక్ మీద పడతాయి. వార్నింగ్ తీసేయబోయి, అప్పటిదాకా లేని నిజమైన ఓవర్‌ఫ్లోని తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది.

కెర్నెల్‌లోకి వెళ్లిన ప్యాచ్ ఈ సంగతి గమనించింది. చానెళ్ల జాబితాని సాగే అరేగా మారుస్తూనే, దాన్ని రెండు బైట్ల ప్యాడింగ్ (చోటు నింపడానికే ఉండే) ఫీల్డ్‌తో కలిపి యూనియన్‌లో పెట్టారు. కనీసం ఒక ఎంట్రీకి చోటు మిగిలింది, పాత సైజు అలాగే ఉంది, ఎందుకు ఉంచారో పక్కన కామెంట్ కూడా రాశారు. ఆ కామెంట్ లేకపోతే ఇంకో ఏడాదికి ఎవరో ‘వాడని ఫీల్డ్’ అని ప్యాడింగ్ తీసేసేవారు.

సైజు మారితే వచ్చే చిక్కు ఇదొక్కటే కాదు. పాత కోడ్‌లో ‘స్ట్రక్చర్ సైజులోంచి ఒక ఎంట్రీ తీసేసి, ఎంట్రీల లెక్కతో గుణించి కలుపు’ లాంటి అంకగణితం అక్కడక్కడా ఉంటుంది. అరే మారినప్పుడు ఆ ‘ఒకటి తక్కువ’ని కూడా వెతికి తీసేయాలి. లేకపోతే కమాండ్ పొడవు తప్పుగా వెళ్తుంది, ఫర్మ్‌వేర్ దాన్ని తిరస్కరించవచ్చు, లేదా చివరి ఎంట్రీని వదిలేయవచ్చు. డ్రైవర్ లాగ్‌లో ఏ ఎర్రరూ కనిపించకుండా ఒక చానెల్ మాత్రం స్కాన్ కాదు. అందుకే చేత్తో గుణించకుండా స్ట్రక్ట్ సైజ్ అనే హెల్పర్ వాడమంటారు. గుణకారం ఓవర్‌ఫ్లో అయినా అది చూసుకుంటుంది.

లెక్క ముందా, డేటా ముందా

సాగే అరే అని నిజం చెప్పాం, బాగానే ఉంది. కానీ ఎంత సాగుతుంది? ఆ సంగతి కంపైలర్‌కి ఇంకా తెలియదు. ఈ లోటు తీర్చేది కౌంటెడ్ బై అనే గుర్తు. ‘ఈ అరేలో ఎన్ని ఎంట్రీలున్నాయో పైనున్న ఫలానా ఫీల్డ్‌లో ఉంది’ అని డిక్లరేషన్‌లోనే రాసేస్తాం. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో ఇది ముందు వచ్చింది, జీసీసీలో 15వ వెర్షన్‌తో వచ్చింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే. ఇంతకాలం ప్రోగ్రామర్ బుర్రలో మాత్రమే ఉన్న సంబంధం ఇప్పుడు కోడ్‌లోకి వచ్చింది.

అయితే దీన్ని తగిలించగానే పాత అలవాట్లు బయటపడతాయి. కెర్నెల్ వైర్‌లెస్ పొరలో స్కాన్ రిక్వెస్ట్ స్ట్రక్చర్ ఉంది. చివర్లో చానెళ్ల అరే, పైన ఎన్ని చానెళ్లన్న లెక్క. దానికి ఈ గుర్తు పెట్టాక ‘ఇండెక్స్ సున్నా హద్దు దాటింది’ అని రిపోర్టులు వచ్చాయి. సున్నా హద్దు దాటడమేంటి అని ఆశ్చర్యం వేస్తుంది. జరిగిందేమిటంటే, మెమరీ తీసుకున్నప్పుడు లెక్క ఫీల్డ్ సున్నాగా ఉంటుంది. కోడ్ ముందు చానెళ్లను ఒక్కొక్కటే నింపి, అంతా అయ్యాక చివర్లో లెక్క రాసేది. నింపుతున్నంతసేపూ డిక్లరేషన్ ప్రకారం ఆ అరేలో ఉన్నది సున్నా ఎంట్రీలు. పైగా, చానెళ్ల తర్వాత మిగిలిన మెమరీలోనే నెట్‌వర్క్ పేర్లను పెట్టడం కోసం, చానెళ్ల అరేనే చివరిదాకా ఇండెక్స్ చేసి ఆ అడ్రసు తీసుకునేవారు.

సరిదిద్దిన తీరు సూటిగా ఉంది. ఎన్నింటికి చోటు తీసుకున్నామో ఆ లెక్కని ముందే రాయాలి, నింపడం అయ్యాక అసలు సంఖ్యకి తగ్గించాలి. అడ్రసు కావాలంటే అరేని ఇండెక్స్ చేయకుండా స్ట్రక్చర్ మొదటి నుంచి సైజు కలుపుకుని వెళ్లాలి. మెమరీ పాడైపోయే బగ్ ఇక్కడేమీ లేదు, అది ఒప్పుకోవాలి. కానీ తనిఖీ విఫలమైనప్పుడు కెర్నెల్‌ని ఆపేసేలా సెట్ చేసిన సిస్టమ్‌లో ఇదే ఒక స్కాన్‌తో మెషిన్ పడిపోవడానికి కారణమవుతుంది. కాబట్టి కౌంటెడ్ బై పెట్టే ముందు ఆ లెక్క ఫీల్డ్‌ని ముట్టుకునే ప్రతి చోటూ చదవాలి. ఒక లైను మార్పే కదా అని పెట్టేసే పని కాదు.

నెట్‌వర్క్ పేర్ల గురించి ఒక్క మాట. ఆ పేరుని ఎస్‌ఎస్‌ఐడీ అంటారు. చూడడానికి స్ట్రింగ్ (సున్నా బైటుతో ముగిసే అక్షరాల వరస) లాగా ఉంటుంది గానీ స్ట్రింగ్ కాదు. గరిష్ఠంగా 32 బైట్లు, మధ్యలో సున్నా బైటు కూడా ఉండొచ్చు, చివర్లో సున్నా ఉండాలని లేదు. దాన్ని స్ట్రింగ్ ఫంక్షన్లతో కాపీ చేస్తే కంపైలర్ ‘చివరి సున్నా తెగిపోతుందేమో’ అంటుంది. ఆ మాట విని 33వ బైటు కలపడం తప్పు మందు, ఎందుకంటే ఫర్మ్‌వేర్ 32నే ఎదురుచూస్తుంది. పొడవుని విడిగా చూసుకుని మెమ్‌కాపీ చేయాలి. పొడవు 32 దాటితే కత్తిరించకుండా ఎర్రర్ ఇవ్వాలని నా అభిప్రాయం. కత్తిరించిన పేరు ఇంకో నెట్‌వర్క్ పేరు అవుతుంది.

వార్నింగ్ పోయింది, కోడ్ మారిందా?

సైజులు, డిక్లరేషన్లు మార్చే ప్యాచ్‌కి నమ్మకమైన పరీక్ష ఒకటుంది. మార్పుకి ముందు, తర్వాత తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లను పోల్చి చూడాలి. స్ట్రక్ట్ గ్రూప్ లాంటి మార్పులో మెషిన్ కోడ్ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా మారకూడదు. మారిందంటే, ఎక్కడో సైజు మారిందని అనుమానించాలి. పాహోల్ అనే టూల్ స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డ్ ఏ ఆఫ్‌సెట్ దగ్గర ఉందో చూపిస్తుంది, దాన్నీ రెండుసార్లు నడపాలి. ఫర్మ్‌వేర్‌తో పంచుకునే స్ట్రక్చర్ అయితే, సైజు ఇంతే ఉండాలని కంపైల్ సమయంలోనే తేల్చే స్టాటిక్ అసర్ట్ పెట్టడం మంచిది. ఆ లేఅవుట్ చిప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌తో చేసుకున్న ఒప్పందం, మన ఇష్టానికి మార్చుకునేది కాదు.

కంపైలర్ ప్రతిసారీ కరెక్టే అని కూడా నేను అనను. జీసీసీ 12 వచ్చినప్పుడు అరే హద్దుల వార్నింగ్‌లో తప్పుడు కేకలు ఎక్కువైపోయి, 2022 జూన్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ వెర్షన్‌కి దాన్ని కెర్నెల్ మొత్తానికి ఆపేశారు. తప్పుడు వార్నింగ్‌ని మెప్పించడం కోసం సరైన కోడ్‌ని వంకర్లు తిప్పడం కన్నా అదే మెరుగు. కానీ అది తప్పుడుదని తేల్చాలంటే ముందు ఆ లైనుని కూర్చుని చదవాలి. చదవకుండా ‘ఫాల్స్ పాజిటివ్’ అనేస్తే లాభం లేదు.

ఇక కంపైలర్ అసలు నోరే మెదపని చోటు. ఒక యాక్సెస్ పాయింట్ ఒకే బీకన్‌లో పలు నెట్‌వర్క్‌లను ప్రకటించవచ్చు. ఆ ఎలిమెంట్‌ని దాటి తర్వాతి భాగాన్ని కాపీ చేసే కోడ్ కెర్నెల్ వైర్‌లెస్ పొరలో ఉంది. ఎంత దాటాలి? ఎలిమెంట్ పొడవుకి, దాని ముందున్న రెండు బైట్లు కలిపినంత. ఆ మొత్తాన్ని దాచుకున్న వేరియబుల్ ఒక్క బైటుది. పొడవు 255 అయితే రావలసింది 257, ఒక్క బైటులో మిగిలేది 1. దాటాల్సిన 256 బైట్లు దాటకపోవడంతో అవన్నీ అదనంగా కాపీ అయి, తీసుకున్న బఫర్ అవతల పడతాయి. 5.1 కెర్నెల్‌లో వచ్చిన ఈ లోపం 2022లో సీవీఈ-2022-41674గా బయటపడింది. పెద్ద సంఖ్యని చిన్న వేరియబుల్‌లో కుక్కితే చెప్పే వార్నింగ్ జీసీసీలో ఉంది గానీ, కెర్నెల్ మామూలుగా దాన్ని ఆన్ చేయదు, ఎందుకంటే అది లెక్కలేనన్ని చోట్ల మోగుతుంది. ప్యాచ్ ఆ వేరియబుల్ టైప్‌ని సైజ్ టీ (పెద్ద సైజులు పట్టే టైప్) చేసింది, అంతే.

వార్నింగ్‌లన్నీ తీరిపోయిన డ్రైవర్ ఫైలుని తెరిచినప్పుడు కూడా నేను ముందు వెతికేది ఇలాంటి వాటినే: గాల్లోంచి వచ్చిన పొడవుని పట్టుకున్న ఒక బైటు వేరియబుల్, దాని మీద కూడికో గుణకారమో, ఆ వెంటనే ఒక మెమ్‌కాపీ. ఈ మూడూ ఒకే ఫంక్షన్‌లో కనబడితే ఆ ఫంక్షన్‌ని మొదటి నుంచి చివరిదాకా, 255 వచ్చిందనుకుని చేత్తో లెక్కవేసుకుంటూ చదవాలి.